ఎడమకాలి పోటీలు

కాలేజీ రోజుల్లో బాగా ఆడినవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. చిల్పూరులో చాయ్ హోటల్ దగ్గర అడిగినా ఒకరిద్దరి పేర్లు చెబుతారు. ఉద్యోగంతోనో పెళ్లితోనో ఆ ఆట ఆగిపోతుంది. తమ ఆట ముచ్చట్లు పక్కనపెట్టి, ఎదుటి పిల్లవాడికి ఏది రాదో చూసేవాళ్లు మాత్రం అరుదు. హైదరాబాద్ ఫుట్‌బాల్ గురువు సయ్యద్ అబ్దుల్ రహీం ఆ కోవకు చెందినవారు.

ఉస్మానియా విశ్వవిద్యాలయం జట్టులో ఆడిన రహీం సాబ్ బడిపంతులు. ఆ పంతులుతనం మైదానంలోనూ పోలేదు. కుడికాలు బాగా ఆడితే చాలులే అని మనం సరిపెట్టుకుంటాం. ఆయన బలహీనమైన కాలితోనే ఆడాల్సిన పోటీలు పెట్టారు. బంతిని వదలకుండా గారడీ చేసేవాళ్ల కోసం డ్రిబ్లింగ్ లేని పోటీలు పెట్టారు. రానిదాన్నే పట్టుబట్టి ఆడిస్తుంటే కుర్రాళ్లు ఎంత విసుక్కున్నారో! సాధనకు రావడానికి సైకిల్ అద్దెకు డబ్బుల్లేవన్న సికింద్రాబాద్ కుర్రాడు తులసీదాస్ బలరాంకు ఆ అద్దె కూడా ఆయనే ఇచ్చారు.

ఆయన శిక్షణలో 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్ ఫుట్‌బాల్‌లో భారత్ నాలుగో స్థానంలో నిలిచింది. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో తలకు కుట్లు పడిన డిఫెండర్ జర్నైల్ సింగ్‌ను రహీం ముందు వరుసలోకి పంపారు. అతను సెమీస్‌లోనూ ఫైనల్లోనూ గోల్ కొట్టాడు. దక్షిణ కొరియాపై 2-1తో స్వర్ణం మనదైంది. అప్పటికే కేన్సర్‌తో ఉన్న రహీం 1963 జూన్‌లో కన్నుమూశారు. కోచ్‌లకిచ్చే ద్రోణాచార్య పురస్కారం మొదలైంది ఆయన పోయిన చాలా ఏళ్లకు, 1985లో.

ఇప్పటి మాటకొస్తే, వరంగల్ జిల్లా కల్లెడ అమ్మాయి జీవంజి దీప్తి 2024 పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్ల కాంస్యం తెచ్చింది. ఆమె కోచ్ నాగపురి రమేశ్‌కు 2016లోనే ద్రోణాచార్య వచ్చింది. అయితే దీప్తి పరుగు మొదట కంటబడింది బడి ఆటల్లో, ఒక వ్యాయామ ఉపాధ్యాయుడికి. అసలు కీలకం అక్కడే ఉందని మాకనిపిస్తుంది. ఆ చూసే కన్నుకు మన బళ్లలో వారానికి ఎన్ని గంటలు దక్కుతున్నాయి? సిలబస్ మిగిలిందని లెక్కల సారు ఆటల పీరియడ్ అడుగుతారు, పీఈటీ సారు మొహమాటపడి ఇచ్చేస్తారు. ఈ ఏడు కాస్త మొహమాటం తగ్గించుకుంటే లెక్కల సారు ఏమీ అనుకోరు.