సిక్లిడ్ పిల్లలు ఎక్కువైతే ఎక్కడికి పోవాలి?

బిలాస్‌పూర్ ఆగ్నేయ మధ్య రైల్వేకు కేంద్రం. ఉద్యోగాల వెంట వచ్చి అక్కడి రైల్వే బస్తీల్లో స్థిరపడిన తెలుగు కుటుంబాలు తరతరాలుగా ఉన్నాయి. లాల్‌ఖదాన్‌లో అలాంటి ఒక ఇంటిని ఊహించుకోండి. ముందుగదిలో రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు ఉన్న గాజు తొట్టి. అందులో పట్టే నీరు సుమారు 57 లీటర్లు. ఏడాది కిందట తెచ్చిన ఏంజెల్ ఫిష్‌లలో రెండు జతకట్టి, ఒకరోజు ఫిల్టరు గొట్టం మీద వరుసలు వరుసలుగా గుడ్లు పెట్టాయి. ఇల్లంతా సంబరం. పిల్లలు బడి నుంచి వస్తూనే తొట్టి ముందు కూర్చుంటారు. గుడ్లను ఎలా కాపాడాలని పెద్దవాళ్లు ఆరా తీస్తారు.

అడగాల్సిన మొదటి ప్రశ్న అది కాదు. ఎన్నింటిని పెంచగలం అన్నది ముందు తేల్చుకోవాలి.

ఏంజెల్ ఫిష్ సిక్లిడ్ల కుటుంబానికి చెందిన చేప. చాలా చేపలు గుడ్లు వదిలేసి తమ దారిన పోతాయి. సిక్లిడ్లు అలా కాదు. తల్లీతండ్రీ కలిసి ముందుగా ఆకునో గొట్టాన్నో నోటితో రుద్ది శుభ్రం చేస్తాయి. గుడ్లు పెట్టాక వంతులవారీగా రెక్కలతో నీటిని విసురుతూ ఆక్సిజన్ అందిస్తాయి. బూజు పట్టిన గుడ్డును ఏరి తినేస్తాయి. నీరు 27, 28 డిగ్రీల దగ్గర ఉంటే రెండున్నర రోజుల్లో గుడ్లు చిట్లుతాయి. అప్పటికి పిల్లలకు ఈత రాదు. తల దగ్గరుండే జిగురు దారాలతో వేలాడుతుంటాయి. కిందపడిన పిల్లను తల్లో తండ్రో నోట కరుచుకొచ్చి మళ్లీ అంటిస్తుంది. మరో నాలుగైదు రోజులకు గుంపుగా ఈదడం మొదలవుతుంది.

ఈ కుటుంబంలో పెంపకం పద్ధతులు ఎన్నో రకాలు. ఆఫ్రికాలోని మలావీ సరస్సు సిక్లిడ్లలో తల్లి గుడ్లను నోట్లోనే పొదుగుతుంది, అన్ని రోజులూ దాదాపు పస్తే. డిస్కస్ పిల్లలు తల్లిదండ్రుల ఒంటి మీది జిగురు పొరను తిని పెరుగుతాయి. దక్షిణ భారత, శ్రీలంక నీళ్లలో ఉండే ఆరెంజ్ క్రోమైడ్ పిల్లలు కూడా పెద్దవాటి ఒంటిని అలాగే కొరుకుతుంటాయి. జంతు ప్రవర్తన శాస్త్రాన్ని ఇంటి గదిలో కూర్చుని చదువుకోవడానికి ఇంతకన్నా మంచి పాఠం దొరకదు. కాబట్టి ఇంట్లో సిక్లిడ్లు పిల్లలు పెట్టడం తప్పన్న వాదన నిలవదు.

చిక్కు లెక్కలో ఉంది. ఒక్క ఈతకు గుడ్లు కొన్ని వందలు. వాటిని వేరే తొట్టిలోకి తీసేస్తే ఆ జత రెండు వారాల్లోపే మళ్లీ గుడ్లు పెట్టగలదు. ఆర్టీమియా పిల్లలను మేపుగా వేసి, రోజూ కొంత నీరు మార్చి సగం గుడ్లనైనా కాపాడితే మూడు నెలలు తిరిగేసరికి రూపాయి బిళ్లంత చేపలు వందకు పైగా ఉంటాయి. ఉన్నది 57 లీటర్లు. చేపల దుకాణం ఓ ఇరవై తీసుకుంటుంది, స్నేహితులు పది.

దీనికి బిలాస్‌పూర్ ఎండలు తోడు. మే నెలలో అక్కడ ఉష్ణోగ్రత 45 డిగ్రీల దాకా వెళ్తుంది. 25 డిగ్రీల నీరు లీటరుకు సుమారు 8 మిల్లీగ్రాముల ఆక్సిజన్‌ను పట్టి ఉంచగలదు. 35 డిగ్రీలకు అది 7 కన్నా తగ్గుతుంది. వ్యర్థాల నుంచి వచ్చే అమ్మోనియా వేడి నీటిలో మరింత విషపూరితం. కరెంటు పోయి ఎయిర్ పంపు ఆగితే కిక్కిరిసిన తొట్టిలో చేపలు గంటల్లోనే పైకొచ్చి నోళ్లు తెరుస్తాయి. అప్పుడు, జాలితోనే, బకెట్ బయటకు వస్తుంది. ఊరి మధ్యగా పారే అర్పా ఉంది, చెరువులున్నాయి.

అర్పా పెండ్రా ప్రాంతంలో పుట్టి శివనాథ్‌లో కలుస్తుంది, శివనాథ్ మహానదిలో. వేసవిలో అర్పా చాలావరకు ఎండిపోతుంది కదా, ఏంజెల్ ఫిష్ చలికి తట్టుకోదు కదా అనేవారున్నారు. ఏంజెల్ ఫిష్ వరకు ఆ మాట చాలావరకు నిజమే. కానీ అదే బకెట్‌లో రేపు మరింత మొండి చేప ఉంటుంది. జిలేబీ చేపగా అందరూ ఎరిగిన తిలాపియా కూడా సిక్లిడే. 1952లో మొజాంబిక్ తిలాపియాను మన దేశానికి తెచ్చినప్పుడు చవకైన ఆహారం దొరుకుతుందనే ఆశ. రెండు మూడు నెలలకే ఈనే ఈ చేప చెరువులను చిన్నచిన్న తిలాపియాలతో నింపేసింది. 1959లోనే దాని పెంపకాన్ని వద్దన్నారు. అప్పటికే ఆలస్యమైంది. అక్వేరియం గోడలు శుభ్రం చేస్తుందని కొన్న సక్కర్ చేప సంగతీ ఇంతే. ఆంధ్ర జాలర్లు దాన్ని దెయ్యం చేప అంటున్నారు, వలలు చింపుతుంది కాబట్టి. అది తూర్పు కనుమల జలాశయాల్లో ఎంతగా పాకిందో హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలు నీటిలో మిగిలిన డీఎన్‌ఏ జాడలతో తేల్చారు.

పరాయి చేపలు మాని మన దేశపు సిక్లిడ్లనే పెంచితే సరిపోతుందని మరికొందరంటారు. ఆలోచన మంచిదే. కేరళ రాష్ట్ర చేప కరిమీన్, దాని చిన్న బంధువు ఆరెంజ్ క్రోమైడ్ రెండూ చూడముచ్చటైనవే. అయితే అవి తీరప్రాంతపు నీళ్లకు చెందినవి. అర్పాకు అవీ కొత్త చుట్టాలే. దేశీ అన్న ముద్ర ఉన్నంత మాత్రాన వాటిని నదిలో వదిలే హక్కు రాదు.

మిగిలింది ఒక్కటే దారి. పిల్లల సంఖ్యను మొదట్లోనే కట్టడి చేయడం. ఇది క్రూరత్వమని చాలామందికి అనిపిస్తుంది. ప్రకృతి లెక్క చూస్తే అలా అనిపించదు. ఏ నదిలోనైనా ఒక జాతి సంఖ్య స్థిరంగా ఉందంటే, ఒక జత జీవితకాలమంతా పెట్టే వేల గుడ్లలో సగటున రెండే పెద్దవై ఆ జత స్థానంలోకి వస్తున్నాయని అర్థం. మిగతావన్నీ ఎవరికో ఆహారం. ఇంట్లో ప్రతి గుడ్డునూ కాపాడాలనుకోవడం ఆ లెక్కను తలకిందులు చేయడమే. గుడ్లను తల్లిదండ్రుల దగ్గరే, మిగతా చేపల మధ్యే వదిలేస్తే చాలావరకు రాలిపోతాయి. కొత్త జతలు మొదటి ఒకటి రెండు ఈతల గుడ్లను తామే తినేస్తాయి కూడా. ఇరవై చాలనుకుంటే ఇరవైనే వేరుచేసి పెంచాలి. మిగతా గుడ్లున్న గొట్టాన్ని ఈత రాకముందే తీసి ఎండబెట్టేయవచ్చు. ఎదిగిన చేపలు మిగిలిపోతే దుకాణానికి తిరిగివ్వాలి, లేదా బడికి ఇవ్వాలి. రోగంతో కోలుకోలేని చేపను బాధ లేకుండా సాగనంపడానికి లవంగ నూనె వాడే పద్ధతి ఉంది. పశువైద్యుణ్ణి అడిగి చేయాలి. వినడానికి ఇబ్బందిగా ఉన్నా, బకెట్‌లో నదికి తీసుకెళ్లడం కన్నా ఇది నయం.

తొట్టి నుంచి తీసిన నీటిని కూడా కాలువలో పారబోయకూడదు. గుడ్లు, నత్తలు, నాచు ముక్కలు అందులో దాగి పోతాయి. పెరట్లో కరివేపాకు మొదట్లో పోస్తే అందులోని నైట్రేటు మొక్కకు ఎరువవుతుంది. క్రోమైడ్ల కోసం ఉప్పు కలిపిన నీరైతే మాత్రం మొక్కలకు పోయకూడదు.