మన ఖర్జ్ ఎవరి మీద వదిలి వెళ్తాం?



2020 మే 7. రమజాన్ నెల, సహరీకి లేచే వేళ. విశాఖపట్నం ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్జీ పాలిమర్స్ ట్యాంకు నుంచి స్టైరీన్ వాయువు లీకై చుట్టుపక్కల ఇళ్లను కమ్మేసింది. 12 మంది చనిపోయారు. రేపటి పనులు అనుకుంటూ పడుకున్న జనం. కె.కోటపాడు, చోడవరం నుంచి పనికీ చదువుకీ విశాఖ వెళ్లొచ్చే మన కుటుంబాలకు అది పరాయి ఊరి ఖబర్ కాదు.

మౌత్ అల్లాహ్ చేతిలో ఉంది, హఖ్. అయినా అంతా తఖ్దీర్ అనేసి చేతులు దులుపుకోవడం దీన్ కాదు. స్టైరీన్‌ను చల్లగా ఉంచాలి, లేకపోతే ట్యాంకులోనే చర్య మొదలై వేడి ఇంకా పెరుగుతుంది. దాన్ని కనిపెట్టుకుని ఉండాల్సినవాళ్ల చేతిలో ఊరి ప్రాణాలు అమానత్. ఆ అమానత్‌కు ఇక్కడా, ఆఖిరత్‌లోనూ హిసాబ్ ఉంది.

మరి మన చేతుల్లో ఉన్న అమానత్‌ల మాటేమిటి?

జనాజా వస్తే రసూలుల్లాహ్ (స) ముందుగా మయ్యత్ మీద ఖర్జ్ ఉందా అని అడిగేవారు. ఒకసారి బాకీ ఉందని తెలిసి, నమాజ్ మీరే చదవండి అని సహాబాలతో అన్నారు. అబూ ఖతాదా (రజి) ఆ బాకీ తన మీద వేసుకున్నాకే నమాజ్ చదివించారు. షహీద్‌కు కూడా ఖర్జ్ మాఫీ కాదని హదీస్. విరాసత్ పంపకం వసియత్, ఖర్జ్ తీరాకేనని సూరె నిసా హుకుం.

మన ఇళ్లలో జరిగేది వేరు. చాలీస్వాఁకి అప్పు చేసి మరీ దేగ్‌లు ఎక్కిస్తాం. పోయినాయన ఎరువుల షాపులో, కిరాణా కొట్టులో పెట్టిన బాకీ సంగతి ఎవరూ ఎత్తరు. జనాజా లేస్తుంటే బేవాను ముందుకు తెచ్చి, "మెహర్ మాఫ్ చేశానని చెప్పమ్మా" అంటాం. ఏడుస్తున్న మనిషి నోట అలా అనిపించడం మాఫీ ఎలా అవుతుంది? అది జబర్దస్తీ. ఇక చెల్లెలు విరాసత్‌లో తన వాటా అడిగితే రిష్తా తెంచుకుంటాం.

వసియత్ చేయాల్సింది ఉన్న ముస్లిం, దాన్ని రాసిపెట్టుకోకుండా రెండు రాత్రులు కూడా గడపకూడదని రసూలుల్లాహ్ (స) చెప్పారు. దానికి ఒక నోటుబుక్కు చాలు. ఎవరికెంత ఇవ్వాలి, ఎవరి సామాను మన దగ్గరుంది, మెహర్ చెల్లించామా, అన్నీ రాయండి. వారసులు కానివాళ్లకు ఏమైనా ఇవ్వదలిస్తే ఆస్తిలో మూడో వంతు దాటకుండా, సాక్షుల ముందు రాయండి. పుస్తకం ఎక్కడ పెట్టారో బీవీకి, పిల్లలకు చెప్పండి. చెప్పి ఊరుకోకుండా, తీర్చగలిగినవి ఈ నెల నుంచే తీర్చడం మొదలుపెట్టండి.

సుకూన్ కోసం దువా చేస్తాం, చేయాలి కూడా. కానీ పక్కవాడి హఖ్ మన మెడ మీద ఉండగా సుకూన్ ఎక్కడిది? ఈ జుమాలోపు మొదటి పేజీ రాయండి.

అల్లాహ్ మనందరికీ తౌఫీఖ్ ప్రసాదించుగాక. ఆమీన్.