వణకెడి చేతికి తీపి

గత సంక్రాంతికి మా ఇబ్రహీంపట్నమున తెలిసినవారి యింటికి పేరంటమునకు వెళ్లియుంటిమి. ఆ యింటి అత్తగారు కొంగున దాచుకొన్న బెల్లము తినుచుండగా కోడలు చూచి, "ఈ వయసున నింత జిహ్వచాపల్యమేమి, అత్తమ్మా!" అని నలుగురిలో ననెను. నాలుగేండ్లుగా వణకుచున్న యామె చేతులు ఆ మాటకు మఱింత వణకినవి.

ఈ వ్యాధిని మనవారు కంపవాతమందురు. 1817లో లండను వైద్యుడు జేమ్సు పార్కిన్సను దీని లక్షణములను వర్ణించి వ్రాసినందున పాశ్చాత్యులు ఆయన పేరే దీనికి పెట్టిరి. మెదడులో డోపమిను అను పదార్థమును పుట్టించు కణములు క్రమముగా నశించుటచే చేతులు వణకును, నడక మందగించును. తినుటయందలి తృప్తికిని, కోరికకును ఆ డోపమినుతో సంబంధము కలదు. కంపవాతరోగులలో పలువురికి తీపిపై కోరిక హెచ్చుటను వైద్యులు గమనించిరి. ఈ వ్యాధికిచ్చు కొన్ని మందులు సైతము తిండిపై తహతహను పుట్టింపగలవు. కావున దీనిని రోగి దోషముగా నెంచరాదు.

అట్లని యడిగినంత పెట్టవచ్చునా? కూడదు. చక్కెర యీ వ్యాధిని పుట్టించునని ఋజువు కాలేదు. అది దీనిని మాన్పునదియు గాదు. కాని మధుమేహము తోడైనవారిలో కంపవాతము త్వరగా ముదురుచున్నట్లు పరిశోధనలు చూపుచున్నవి. తీపితోనే కడుపు నిండినచో కూరలు, ఫలములు తగ్గి, ఈ రోగులను సాధారణముగా బాధించు మలబద్ధము హెచ్చును. వణకు చేతితో దంతధావనము సరిగా సాగదు గనుక దంతములును చెడును.

గృహిణి చేయదగినది యిది. మొదట నెత్తురు పరీక్ష చేయించి మధుమేహము కలదో లేదో తెలిసికొనవలెను. లేనిచో భోజనానంతరము కొంచెము తీపి పెట్టి, తక్కిన వేళల మెత్తని జామ, బొప్పాయి ముక్కల నీయవలెను. పప్పు, పాలు, మాంసములలోని మాంసకృత్తులు లెవోడోపా మందు రక్తమున చేరుటకు అడ్డుపడును. కావున దానిని సాధారణముగా భోజనమునకు అరగంట ముందు ఇత్తురు. తీపికోరిక హఠాత్తుగా హెచ్చినచో, హైదరాబాదులోని నిమ్సు వంటి ఆసుపత్రులలోని నరముల వైద్యులకు తెలుపవలెను. మందును మాత్రము మనంతట మనము మాన్పరాదు.

ఈ సంగతులు ఆ కోడలికిని చెప్పితిమి. పరీక్షలో మధుమేహము లేదని తేలినదట. ఇప్పుడు మధ్యాహ్న భోజనమైన పిమ్మట ఆమెయే చిన్న బెల్లపు ముక్కను అత్తగారి చేతిలోనుంచి, జారిపడకుండ తన చేయి క్రింద పట్టుచున్నది.