దవడ ఎముక మాటేమిటి?

మొన్న సంక్రాంతికి పుట్టింటికి వెళ్ళాను. నరసన్నపేట దగ్గర పల్లెటూరు మాది. అమ్మ చేసిన జంతికల డబ్బా మధ్యలో పెట్టుకుని అందరం అరుగు మీద కూర్చున్నాం. నేను ఎడం పక్కనే నములుతున్నానని మా చిన్నాన్న కూతురు కనిపెట్టేసింది.

"ఏటప్పా, కుడిపక్క పన్ను నొప్పేటి?" అంది.

"నొప్పి లేదే, పన్నే లేదు" అన్నాను.

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. కానీ ఆ పన్ను లేకపోవడం వెనక తొమ్మిదేళ్ళ కథ ఉంది. అది నా ఒక్కదాని కథే అయితే ఇలా పేపర్లోకి ఎక్కించేదాన్ని కాదు. ఈ పేజీ చదివే అక్కచెల్లెళ్ళలో సగం మంది ఇళ్ళలో ఇదే కథ నడుస్తోందని నా అనుమానం.

మా రెండోవాడు చంటిపిల్లాడుగా ఉన్నప్పుడు కింది దవడలో పెద్ద పన్ను సలుపు మొదలెట్టింది. లవంగం పెట్టాను. ఉప్పునీళ్ళు పుక్కిలించాను. మందుల షాపులో అడిగి మాత్రలు మింగాను. ఏడాది గడిచేసరికి పన్నులో మిగిలింది గోడలే. అప్పుడు వెళ్తే ఒక డాక్టరుగారు చూసి, పీకేసి, దూది పెట్టి పంపించారు. ఖాళీ అయిన చోట ఏం చెయ్యాలో ఆయన చెప్పలేదు, నేనూ అడగలేదు. ఇంటికొచ్చాక మా ఆయన "మళ్ళీ కట్టించుకోవాలేమో, కనుక్కోలేకపోయావా?" అన్నారు. "లోపలి పన్నేగా, ఎవరికి కనిపిస్తుంది?" అన్నాను. ఈ మాట మా ఆయన అన్నది కాదు, మా అత్తగారు అన్నదీ కాదు. అన్నది నేనే.

ఆ తర్వాత ఇంటి అప్పు వాయిదాలు, పిల్లల ఫీజులు, మావగారి కంటి ఆపరేషను. ఒక్కొక్కటీ నా పన్నుకంటే ముందే నిలబడ్డాయి. చివరికి కిందటి దసరాకి చీటీ డబ్బు కొంత, కథలకొచ్చిన పారితోషికం కొంత కూడబెట్టుకుని విజయనగరంలో దంత వైద్యుడి దగ్గరికి వెళ్ళాను. ఇంప్లాంటు వేయించుకుందామని. ఆయన స్కాను తీసి, తెర మీద నా దవడ చూపించారు. "పన్ను పెట్టడం పెద్ద పని కాదమ్మా. అది నిలబడ్డానికి ఎముకేదీ?" అన్నారు.

ఆ మాట నాకు అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. మీకూ చెబుతాను.

పన్ను వేరు దవడ ఎముకలో ఉంటుంది. మనం నమిలినప్పుడల్లా ఆ ఒత్తిడి వేరు ద్వారా ఎముకకి అందుతుంది. దానివల్లే ఎముక తనకి పని ఉందని గుర్తుపెట్టుకుని గట్టిగా ఉంటుంది. పన్ను పీకేశాక ఆ పని పోతుంది. వాడని ఇల్లు కూలిపోయినట్టు, అక్కడి ఎముకని శరీరమే కరిగించేసుకుంటుంది. మొదటి ఏడాదిలోనే గట్టు వెడల్పు దాదాపు సగం దాకా తగ్గిపోవచ్చు. అందులోనూ ఎక్కువ భాగం మొదటి మూడు నెలల్లోనే పోతుంది. నేను ఊరుకున్నది తొమ్మిదేళ్ళు!

ఇంప్లాంటు అంటే పన్ను వేరుకి బదులుగా ఎముకలో బిగించే టైటానియం స్క్రూ. ఎముకకి ఈ లోహం పడుతుందని స్వీడన్ శాస్త్రవేత్త బ్రోనెమార్క్ 1952లో కుందేళ్ళ ఎముకల మీద పని చేస్తూ అనుకోకుండా కనిపెట్టారు. లోపల పెట్టిన టైటానియం గొట్టాన్ని తీద్దామంటే రాలేదట, ఎముక దాన్ని తనలో కలిపేసుకుంది. 1965లో మొదటిసారి ఒక మనిషి దవడలో వాటిని అమర్చారు. అంటే ఈ వైద్యమంతా ఎముక మీదే ఆధారపడింది. స్క్రూ ఎంత ఖరీదైనదైనా, ఏ దేశం నుంచి వచ్చినా, దాన్ని పట్టుకోవాల్సింది మన ఎముకే.

టేకు చెక్కలో దిగిన మేకుకీ, బూరుగు చెక్కలో దిగిన మేకుకీ తేడా మనకి తెలుసు. దవడలోనూ అంతే. కింది దవడ ముందు భాగం టేకులాంటిది. పై దవడ వెనక భాగం మెత్తన, పైగా దాని మీద గాలి గది ఉంటుంది, ఎముక మందమూ తక్కువే. అందుకే కింది దవడలో మూడు నెలలకి కుదురుకునే ఇంప్లాంటుకి పై దవడలో ఆరు నెలలు పట్టొచ్చు. ఇంకో సంగతి. బిగించిన రోజున ఉన్న పట్టు స్క్రూ మరల పట్టు. ఆ తర్వాత చుట్టూ ఉన్న పాత ఎముక కొంత కరిగి, కొత్త ఎముక అల్లుకుంటుంది. ఈ రెంటి మధ్యా, సుమారు రెండు మూడు వారాలప్పుడు, పట్టు కాస్త సడలుతుంది. "నొప్పి లేదు కదా" అని అప్పుడు చెగోడీ కొరికితే కొరివితో తల గోక్కున్నట్టే.

ఎముక బాగుండి, మనిషిని సరిగ్గా పరీక్షించి వేస్తే నూటికి తొంభైకి పైగా ఇంప్లాంట్లు పదేళ్ళు దాటి నిలబడతాయి. నిలబడని వాటి వెనక సాధారణంగా కనిపించేవి అదుపులో లేని షుగరు, చిగుళ్ళ జబ్బు, పొగ, చాలని ఎముక. ఈ నాలుగూ స్క్రూ బిగించకముందే తెలుసుకోగలిగినవే.

పొగ అన్నాను కదా, "ఆడవాళ్ళకి పొగేమిటి?" అని పై ఊళ్ళవాళ్ళు ఆశ్చర్యపోతారేమో. మన వైపువాళ్ళు పోరు. మా మామ్మ అడ్డపొగ తాగేది. నిప్పున్న కొస నోట్లోపెట్టుకుని, చుట్ట పీలుస్తూనే ఊడ్పులు ఊడ్చేది, చంటిపిల్లల్ని ఎత్తుకునేది. డెన్మార్కు నిపుణుడు పిండ్‌బోర్గ్, బొంబాయి టాటా మౌలిక పరిశోధన సంస్థకు చెందిన మెహతా తదితరులు శ్రీకాకుళం జిల్లా పల్లెల్లో ఇంటింటికీ తిరిగి 10,169 మంది నోళ్ళు పరీక్షించి, 1971లో ఆ వివరాలు ప్రచురించారు. వాళ్ళలో నూటికి 43 మందికి పైగా అడ్డపొగ తాగేవాళ్ళే. విజయనగరం జిల్లా ఇంకా పుట్టని రోజులవి, అది 1979లో ఏర్పడింది. అంగిట్లో తెల్లమచ్చలు, పుండ్లు, కేన్సరు ఈ అలవాటుతో ముడిపడి ఉన్నాయని అప్పుడే తేల్చారు. చెప్పి, బుజ్జగించి పొగాకు మాన్పిస్తే నోటి మచ్చలు తగ్గుతాయని ఆ సంస్థవాళ్ళే తర్వాత మన జిల్లాలో కూడా పని చేసి చూపించారు. పొగ రక్తనాళాల్ని కుదించేస్తుంది. ఎముకకి రక్తం తగ్గితే కొత్త ఎముక ఎక్కణ్ణుంచి అల్లుకుంటుంది? మామ్మకి యాభై దాటేసరికే పళ్ళు మిగల్లేదు. అడిగితే "నాకేటైనాదే గుంటా, గంజి తాగడానికి పళ్ళెందుకు?" అనేది.

ఆ గడుసు మాట విని మేం నవ్వేవాళ్ళం. ఇప్పుడు నవ్వు రావడం లేదు. మామ్మ చుట్ట పోయింది గానీ ఆ మాట మా అమ్మకీ, అమ్మ నుంచి నాకూ వచ్చింది.

అమ్మ సంగతి చెప్పాలి. అరవై మూడేళ్ళు. మూడేళ్ళ కిందట పెరట్లో జారిపడి మణికట్టు విరిగింది. ఎముకలు గుల్లబారాయని డాక్టరు ఏడాదికో ఇంజెక్షను రాశారు. నెలసరి ఆగిపోయాక ఆడవాళ్ళ ఒంట్లో హార్మోను తగ్గి ఎముక పలచబడుతుంది, దవడ ఎముకకి మాత్రం మినహాయింపు ఉండదు. హైదరాబాదులో ఉన్న మా తమ్ముడికి అమ్మ మీద ప్రేమ ఎక్కువ. "ఒక్క రోజులో పళ్ళు" అన్న ప్రకటన చూసి, లక్షలు ఖర్చైనా ఫరవాలేదు, అమ్మకి పైనా కిందా ఇంప్లాంట్లు వేయిద్దామన్నాడు. అదృష్టం బావుండి ఆ దంత వైద్యురాలు అన్ని మందుల చీటీలూ తెమ్మంది. అమ్మ "బలానికి ఇంజెక్షను" అని మాత్రమే చెప్పింది మరి! చీటీ చూశాక ఆవిడ ఆగిపోయింది. ఎముక కరగకుండా ఆపే ఆ రకం మందులు వాడేవాళ్ళకి దవడలో కోత పెడితే, కొందరికి పుండు మానక అక్కడి ఎముక చచ్చుబడిపోతుందట. అందరికీ జరగదు గానీ, జరిగితే ఆ అవస్థ చెప్పనలవి కాదు. ఎముకల డాక్టరుతో మాట్లాడి, అమ్మకి తీసి పెట్టుకునే పళ్ళసెట్టే మేలని తేల్చారు. అలాగని భయపడి ఎవరూ ఆ ఇంజెక్షను సొంతంగా మానెయ్యకండి. విరిగే తుంటి ఎముక ఇంకా పెద్ద ప్రమాదం. చెప్పడమే మన పని, తేల్చడం వాళ్ళ పని.

మన ఉద్దానంలో కిడ్నీ జబ్బు చూడని ఊరు తక్కువ. కిడ్నీ దెబ్బతింటే కాల్షియం, భాస్వరం, విటమిన్ డి లెక్కలు తప్పి ఎముకలన్నీ నీరసిస్తాయి. అలాంటివాళ్ళు కూడా పంటి డాక్టరు దగ్గర ఆ మాట ముందే చెప్పాలి.

"ఇవన్నీ డబ్బున్నవాళ్ళ ముచ్చట్లు, పన్నుకి ముప్ఫై వేలు ఎవరు పెడతారు?" అని మా పక్కింటావిడ అంది. నిజమే. అందుకే నేను చెప్పేది ఇంప్లాంటు వేయించుకోండని కాదు. అక్కడిదాకా రానివ్వకండని. చిన్న పుచ్చుకి సిమెంటు పెట్టించడానికయ్యే ఖర్చు ఒక మామూలు చీర ఖరీదు. శ్రీకాకుళం పక్కన చాపురంలోనూ, భీమిలి దారిలో సంగివలసలోనూ దంత వైద్య కళాశాలలున్నాయి. కళాశాల ఆస్పత్రుల్లో సాధారణంగా ఖర్చు బయటికంటే తక్కువే. నాకు స్క్రూకి ముందు ఎముక పొడి వేసి కుట్టి, నెలల తరబడి ఆగమన్నారు. ఖర్చు దాదాపు రెట్టింపైంది. పీకిన రోజునే ఆ గుంతని కాపాడుకోవడం గురించి అడిగి ఉంటే ఈ బాధ చాలావరకు తప్పేది. ఇంప్లాంటు వద్దనుకున్నా వంతెన పళ్ళున్నాయి, పళ్ళసెట్టు ఉంది. ఏదీ వద్దనుకున్నా, తెలిసి వద్దనుకోవాలి.

వైద్యులకి నా విన్నపం ఒకటే. పన్ను పీకేటప్పుడు "ఇక్కడ ఎముక తరిగిపోతుందమ్మా, మూడు నెలల్లో ఒక నిర్ణయానికి రండి" అన్న ఒక్క ముక్క చెప్పండి. ఇంప్లాంటు వేసేవారు ధరల పట్టిక కంటే ముందు ఎముక కొలత చూపించండి. మనమూ అడగాలి. స్కానులో ఎముక ఎంత ఉంది? నా షుగరు అదుపులో ఉందా? చిగుళ్ళు బాగున్నాయా? ఎన్నాళ్ళు ఆగాలి? జవాబు చెప్పడానికి విసుక్కునే చోట డబ్బు కట్టొద్దు.

ఇంట్లో మనం చేసుకోగలిగిందీ ఉంది. మన పెద్దవాళ్ళు తాగిన చోడి అంబలిని మళ్ళీ పొయ్యి మీదికి తెద్దాం. 100 గ్రాముల చోళ్ళలో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది, బియ్యంలో దానికి దరిదాపుల్లో కూడా లేదు. కాస్త ఎండలో నిలబడదాం. అంబలి తాగితే పోయిన ఎముక తిరిగి రాదు గానీ, ఉన్న ఎముకకి ఆసరా అవుతుంది.

ఆడపిల్లలకి తిండీ బట్టా తర్వాత మనమిచ్చేది మాటలే. సంక్రాంతి నుంచి తిరిగొచ్చిన వారానికి తొమ్మిదో తరగతి చదివే మా అమ్మాయి బుగ్గ పట్టుకుని కూర్చుంది. డాక్టరు దగ్గరికి పదమంటే, "నొప్పి తగ్గిపోయిందిలే అమ్మా. లోపలి పన్నేగా, ఎవరికి కనిపిస్తుంది?" అంది.

నా మాటే. ఎప్పుడు విందో, ఎక్కడ దాచుకుందో!

పొయ్యి మీద పప్పు అలాగే దింపేసి, ఆ సాయంత్రమే తీసుకెళ్ళాను. చిన్న పుచ్చు. అరగంటలో అయిపోయింది. దాని పన్ను దానికుంది, దాని ఎముక దానికుంది. తిరిగొస్తూ దారిలో జంతికల పొట్లం కొన్నాను. అది రెండు పక్కలా నమిలింది, నేను ఒక పక్కన.