డబ్బా ఖాళీగా పంపకూడదు

తెలుగువాళ్ల వంటింట్లో అస్సలు చెల్లని మాట ఒకటుంది... థాంక్స్! ఆఫీసులో లిఫ్టు తలుపు పట్టుకున్నవాడికి చెబుతారు. చిల్లర సరిగ్గా ఇచ్చిన కండక్టరుకు చెబుతారు. ముక్కూమొహం తెలియని కస్టమర్‌ కేర్‌ అమ్మాయికి కూడా ఫోను పెట్టేసే ముందు చెబుతారు. కానీ పండగపూట తెల్లవారుజామున నాలుగింటికే లేచి ఇంటిల్లిపాదికీ గారెల పిండి రుబ్బిన అమ్మ దగ్గరికెళ్లి 'థాంక్స్‌ అమ్మా' అని చూడండి. "ఏరా, డబ్బులేమన్నా కావాలా?" అంటుంది. 'ధన్యవాదాలు' అంటే మరీ ప్రమాదం. సభలో వందన సమర్పణ అయిపోయింది, ఇక ఎవరిళ్లకు వాళ్లు వెళ్లొచ్చు అన్నట్టుంటుంది.

అలాగని మనసులో ఆ మాట లేదా అంటే, ఉంటుంది. వేషం మార్చుకుని తిరుగుతుంటుంది. ఎక్కువగా సంక్రాంతి మూడు రోజుల్లోనే దొరికిపోతుంది.

మొదటి వేషం టిక్కెట్టు. రైల్వేవాళ్లు ముందస్తు రిజర్వేషన్‌ గడువును 2024 నవంబరు 1 నుంచి 120 రోజులకు బదులు 60 రోజులు చేశారు. దాంతో సెప్టెంబరులో పట్టుకునే సంక్రాంతి బెంగ నవంబరుకు మారిందే తప్ప తగ్గలేదు. ఉదయం ఎనిమిది కొట్టేసరికి ఇంట్లో నాలుగు ఫోన్లు, ఒక కంప్యూటరు ముందు జనం కూర్చుంటారు. గౌతమి, గోదావరి, నరసాపురం ఎక్స్‌ప్రెస్‌... పేర్లన్నీ చల్లగా ఉంటాయి, వెయిటింగ్‌ లిస్టు మాత్రం ముచ్చెమటలు పట్టిస్తుంది. దొరకనివాళ్లు కారేసుకుని బయల్దేరి, చౌటుప్పల్‌ దగ్గరి పంతంగి టోల్‌ప్లాజాకు చేరి, అక్కడే కాసేపు కాపురం పెడతారు. ఊరి నుంచి పావుగంటకో ఫోను.

"ఎందాకా వచ్చారు?"

"పంతంగి."

"ఇందాకా అదే చెప్పావు! అన్నం వార్చేశాను నాన్నా."

ఇల్లు ఇంకా రెండొందల కిలోమీటర్లుంది. అన్నం మాత్రం వార్చేశారు. 'నువ్వొస్తున్నావంటే సంతోషంగా ఉంది' అని చెప్పడానికి ఆవిడ దగ్గరున్న వాక్యం అదొక్కటే.

చేరాక గుమ్మంలోనే రెండోది వినిపిస్తుంది... "చిక్కిపోయావు." ఏడాదిలో ఆరు కిలోలు పెరిగి, చొక్కా గుండీలు ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని ఉన్నా సరే, చిక్కిపోయినట్టే లెక్క. తూకం యంత్రాలు గుమ్మం బయటే పనిచేస్తాయి.

ఇక అసలు కథ అరిసెలది. బయటివాళ్లకు అది బెల్లమూ బియ్యప్పిండీ. చేసేవాళ్లకు మూడు రోజుల యుద్ధం. బియ్యాన్ని ఒక రోజంతా నానబెట్టాలి, మధ్యలో నీళ్లు మార్చాలి. వడకట్టి, తడి ఆరకముందే పిండి ఆడించాలి. పండగ ముందు పిండిమర దగ్గర క్యూ చూస్తే, పంతంగే నయమనిపిస్తుంది. పైగా ముందున్నావిడ కారం ఆడించిందేమో కనుక్కోవాలి. లేకపోతే ఆ ఏడు అరిసెలు కాస్త చురుగ్గా ఉంటాయి! జల్లించిన పిండిని చేత్తో అదిమి పెట్టుకోవాలి, తడి పోకుండా. తర్వాత పాకం. చుక్క తీసి పళ్లెంలోని నీళ్లలో వేస్తే మెత్తని ఉండ కావాలి. కాకముందే దించితే అరిసె నూనెలో విడిపోతుంది. కాస్త ముదిరితే పళ్ల డాక్టరుకు పని పెడుతుంది. ఆ పది నిమిషాల్లో ఆ ఇంట్లో ఎవరూ ఆవిడతో మాట్లాడరు. అల్లుడైనా సరే, మంచినీళ్లు తనే తెచ్చుకోవాలి.

పాకంలో పిండి పోస్తూ తెడ్డుతో ఆపకుండా తిప్పాలి. భుజాలు పట్టేసేది అక్కడే. చలిమిడి సిద్ధమయ్యాక ఒకరు నువ్వులద్ది తట్టాలి, ఒకరు వేయించాలి, ఒకరు చెక్కల మధ్య పెట్టి నూనె పిండాలి. అందుకే అరిసెల రోజున ఒక వదినా, ఒక పిన్నీ, పక్కింటి పెద్దావిడా తప్పనిసరి. తెలంగాణ ఇళ్లలో సకినాలదీ ఇదే పద్ధతి. నువ్వులూ వామూ కలిపిన బియ్యప్పిండిని తెల్లగుడ్డ మీద వేళ్లతో చుట్లుచుట్లుగా తిప్పుతూ నలుగురాడవాళ్లు కూర్చుంటే, పిండి కంటే ముందు ఊళ్లోవాళ్ల సంగతులన్నీ చుట్టేసి ఆరబెడతారు.

ఇంత చేశాక అరిసె పళ్లెంలోకి వస్తుంది. పెదనాన్న ఒక ముక్క కొరికి, కళ్లు మూసుకుని, తీర్పు చెబుతాడు.

"పోయినేటంత రాలేదు."

అని, ఆరోది తీసుకుంటాడు. ఆయన మాట కాదు, చెయ్యి చూడాలి. ఆవిడా అదే చూస్తుంది. "ఈసారి బెల్లం మంచిది కాదు లెండి" అంటూ ఏడోది వేస్తుంది. పోయినేడు కూడా ఆయన అదే మాటన్నాడని ఇద్దరికీ గుర్తే.

కొన్ని ఇళ్లు ఈ మర్యాదను అంకెల్లో చూపిస్తాయి. 2022 సంక్రాంతికి నరసాపురంలో ఒక కుటుంబం కాబోయే అల్లుడికి 365 రకాలు వడ్డించిందని దేశమంతా చెప్పుకున్నారు. రోజుకొకటి లెక్కన! అప్పటి నుంచి ఏటా జనవరి మధ్యలో ఇలాంటి ఫొటోలు ఎక్కడో చోట కనిపిస్తూనే ఉన్నాయి. ఆ ఫొటోల్లో అల్లుళ్లు నవ్వుతూనే ఉంటారు గానీ, కళ్లు మాత్రం ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక దిక్కులు చూస్తుంటాయి. ఇంత విందూ అయ్యాక రాత్రి చడీచప్పుడు లేకుండా వంటింట్లోకి వెళ్లి, పెరుగన్నంలో ఆవకాయ నంజుకునే అల్లుళ్లే ఎక్కువ. పట్టుబడితే అత్తగారు ఏమీ అనదు. రెండోసారి పెరుగు వేస్తుంది.

ఇరవై మంది చేరిన ఇంట్లో స్నానాలగది ఒక్కటే. భోగి తెల్లవారుజామున దాని ముందు తువ్వాళ్లు భుజాన వేసుకున్న వరుస చూడాలి. మంత్రిగారి దర్శనానికొచ్చిన కార్యకర్తల్లా ఉంటారు. లోపలున్నవాడు పాట అందుకున్నాడంటే బయట వరుసకు ఒళ్లు మండుతుంది. అదే మనుషులు పట్నంలో గదికో స్నానాలగది ఉన్న ఫ్లాట్లో, గీజరు నీళ్లతో, నిమిషాల్లో స్నానం ముగించి మూతి ముడుచుకుని ఆఫీసుకెళతారు. ఇక్కడ భోగి మంట మీద కాగిన, కాస్త పొగ వాసనేసే నీళ్ల కోసం గంట నిలబడి, రెండు చెంబులే మిగిలాయని తెలిసి కూడా నవ్వుతున్నారు. ఎందుకో వాళ్లనడిగితే చెప్పలేరు.

ఆ మంట దగ్గర ఒక తమాషా తప్పనిసరి. పాత సామాను వెయ్యాలని కుర్రాళ్లు కాలు విరిగిన కుర్చీ తెస్తారు. మంట రాజుకునేలోగా కుర్చీ మాయం. తాతయ్య దాన్ని గొడ్లపాకలో దాచేశాడు. "మేకు కొడితే ఇంకో పదేళ్లొస్తుందిరా!" ఆ కుర్చీ ఏటా భోగికి బయల్దేరుతుంది, ఏటా క్షేమంగా తిరిగొస్తుంది. ఆయన మూడు ముళ్లూ వేశాక కొన్న మొదటి కుర్చీ అదని ఇంట్లో ఒక్క మనిషికే తెలుసు. ఆవిడ ఆ సమయంలో వంటింట్లోంచి బయటికి చూడకుండా పొయ్యి ఊదుకుంటుంది.

సాయంత్రం మనవల నెత్తిన రేగుపళ్లూ, చెరకు ముక్కలూ, పూలరేకులూ, చిల్లర డబ్బులూ కలిపి భోగిపళ్లు పోస్తారు. రేగుపళ్లు పిల్లాడివి, చిల్లర మాత్రం చుట్టూ ఉన్న మిగతా పిల్లలవి. నాణేలు దొరక్క చాలామంది అమ్మమ్మలు వారం ముందే కిరాణా కొట్టువాడిని బతిమాలుకుంటున్నారు. ఫోన్లో డబ్బులు పంపడం అలవాటైన కొడుకు "స్కాన్‌ చేసేయమ్మా" అంటే, పసివాడి నెత్తి మీద ఏం పెట్టి స్కాన్‌ చెయ్యాలని ఆవిడ సందేహం.

కనుమ రోజు మాత్రం తెలుగువాళ్లు మొహమాటం లేకుండా కృతజ్ఞత చెబుతారు... గొడ్లకు! కడిగి, కొమ్ములకు రంగేసి, మెడలో గంటలూ దండలూ వేసి, బొట్టు పెట్టి హారతిస్తారు. ఎడ్లు లేని ఇంట్లో ట్రాక్టరుకు పసుపూ కుంకుమా. గోదావరి పల్లెల్లో చూరుకు కట్టిన వరి కుచ్చులు పిచ్చుకలకు. కనుమనాడు కాకి కూడా కదలదన్నారు, మినుము తినాలన్నారు. సరే, మరి ఆ మినుములు నానబెట్టి, రుబ్బి, గారెలు వేసే చేతుల సంగతేమిటి? వాటికి రంగులూ లేవు, దండలూ లేవు. మూడు రోజుల్లో పొయ్యి దగ్గర్నుంచి కదలనిది కాకి ఒక్కటే కాదు.

ఆ చేతులకు ఇప్పుడు అరవై అయిదూ డెబ్భై ఏళ్లు. పాకం తిప్పేటప్పుడు మధ్యలో ఒకసారి ఆగి, తెడ్డు ఆ చేతి నుంచి ఈ చేతికి మార్చుకుంటాయి. చాలా ఇళ్లలో ఈ మధ్య ఒక మాట వినిపిస్తోంది. "ఈసారి అరిసెలు కొనేద్దామా?" అడిగేది కోడలు కాదు, అత్తగారే. ఆ మాట అనడానికి ఆవిడకు ఎన్నాళ్లు పట్టిందో! కొట్లకు కొదవలేదు. ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. మేనత్త చేతి అరిసెకు ఆ పత్రం ఎవరిస్తారు? దాని కొలత పుస్తకంలో లేదు. "పిండి ఎంతత్తా?" అంటే "పాకం పట్టినంత" అంటుంది. ఎంత పడుతుందో పాకాన్నే అడగాలి. ఆవిడ పక్కన నిలబడి చూస్తే తప్ప ఆ లెక్క మరొకరి చేతికి రాదు. అందుకే కొందరు కూతుళ్లు ఒకట్రెండు రోజులు ముందుగా సెలవు పెట్టుకొస్తున్నారు. కారణం అడిగితే "టిక్కెట్టు ఆ రోజుకే దొరికింది" అంటున్నారు. ఒకరిద్దరు అల్లుళ్లు కూడా తెడ్డు పట్టారు. మొదటి వాయి ఎలా వచ్చిందో చెప్పకపోవడమే మర్యాద. పెదనాన్న మాత్రం ఈసారి ఏ తీర్పూ చెప్పకుండా మూడు తిన్నాడు.

ముక్కనుమ నాటికి డబ్బాలు బయటికొస్తాయి. హార్లిక్స్‌ సీసాలు, బిస్కెట్ల డబ్బాలు, ఎప్పుడో ఎవరి పెళ్లిలోనో పంచిన స్టీలు గిన్నెలు. పెద్దకూతురికి జంతికలు ఎక్కువ, చిన్నవాడికి సున్నుండలు. సంచి జిప్పు పట్టదు. "వద్దమ్మా, బరువు" అంటూనే కూతురు రెండు జతల బట్టలు బయటికి తీసి డబ్బాకు చోటు చేస్తుంది. రైల్లో రాజమండ్రి దాటకముందే మొదటి మూత ఊడుతుంది. ఎదురు బెర్తుల వాళ్లూ అప్పటికే తమ డబ్బా తెరిచి ఉంటారు. పెట్టెలో ఏ ఊరి పాకం గట్టిదో తేలిపోతుంది.

అయితే డబ్బాకు ఒక కట్టుబాటుంది. ఖాళీగా తిరిగి పంపకూడదు. పక్కింటి గిన్నె అయినా, పుట్టింటి డబ్బా అయినా, కనీసం నాలుగు పలుకుల పంచదారైనా వేసివ్వాలి. అందుకే ఉగాదికి ఊరెళ్లే వాళ్లతో ఆ డబ్బా వెనక్కి బయల్దేరుతుంది. అడుగున ఫిల్టర్‌ కాఫీ పొడి, పైన మోకాళ్ల నొప్పుల ఆయింట్‌మెంటు రెండు ట్యూబులు, మధ్యలో చేతికి చుట్టుకునే బెల్టు ఒకటి. చీటీ ఏమీ ఉండదు. ఆవిడ అవన్నీ తీసి చూస్తుంది, బెల్టు ఒకసారి చేతికి చుట్టుకుని విప్పుతుంది. అటూ ఇటూ వెతికి, వెంటనే కూతురికి ఫోను చేస్తుంది.

"డబ్బా అందింది గానీ, దీని మూత ఇది కాదు. ఎరుపుది ఎక్కడ పెట్టావే?"