వినిపించారు సరే, విన్నదెవరు?

అఫ్గానిస్తాన్ ఈశాన్య మూల, బదఖ్షాన్ కొండల్లో సంగ్లేచ్ అనే లోయ ఉంది. అక్కడి జనం మాట సంగ్లేచి. పామీరు భాషల్లో ఒకటి, ఇష్కాషిమీకి దగ్గర చుట్టం. మాట్లాడేవాళ్లు కొద్ది వేలకు మించరు. బడిలోనూ కచేరీలోనూ దరీయే నడుస్తుంది. ఆ లోయ జనం ఇస్మాయిలీ ముస్లింలు. అయినా ఇంత చిన్న భాషలో కూడా క్రైస్తవ బోధ సామగ్రి తయారైంది.

ఇలాంటి సామగ్రి వెనుక పెద్ద శ్రమే ఉంది. 1939లో లాస్ ఏంజెలిస్‌లో జాయ్ రిడర్‌హాఫ్ అనే మహిళ గాస్పెల్ రికార్డింగ్స్ అనే సంస్థను మొదలుపెట్టారు. లిపి లేని భాషలవారికి పుస్తకం పనికిరాదు కాబట్టి గొంతునే పంపాలన్నది ఆమె ఆలోచన. ఊళ్లో మాట్లాడేవాళ్లనే కూర్చోబెట్టి, ఒక్కొక్క వాక్యం చెప్పించి, ముక్కలన్నీ కలిపి కథగా అతికారు. కరెంటు లేని చోట్లకు చేత్తో తిప్పితే పాడే అట్ట గ్రామఫోనులు పంపారు. ఇవాళ ఆ సంస్థ రికార్డింగులు 6,000కు పైగా భాషల్లో, యాసల్లో ఉన్నాయి.

ఈ పనిని మతమార్పిడి అని తోసేయడం తేలిక, సేవ అని నెత్తిన పెట్టుకోవడమూ తేలికే. చూడవలసింది వేరే ఉంది. చిన్న భాషల్ని వెతుక్కుంటూ వెళ్లినవారిలో బోధకులు ముందున్నారు. మన తెలుగుకూ అది అనుభవమే. 1805లో విశాఖపట్నం వచ్చిన లండన్ మిషనరీలు క్రాన్, డే గ్రాంజెస్ సువార్తల్ని తెలుగు చేసే పనికి పూనుకున్నారు; ఆనందరాయర్ అనే ఆయన వాళ్లకు సాయపడ్డారు. వాటిలో మూడు 1812లో శ్రీరాంపూర్‌లో అచ్చయ్యాయి. గ్రియర్సన్ భారతీయ భాషల సర్వే చేసినప్పుడు కూడా అన్ని భాషలకూ నమూనాగా ఎంచుకున్నది బైబిల్లోని తప్పిపోయిన కుమారుని ఉపమానాన్నే. మూడు పురుషలూ మూడు కాలాలూ విభక్తులూ అందులో దొరుకుతాయని ఆయన లెక్క. ఆ రకంగా ఎన్నో భాషలు కాగితం మీద మొదట చెప్పిన కథ పరాయి కథ అయింది.

మా అభ్యంతరం ఇక్కడే. బోధ ఎంత మంచిదైనా అది బయటి నుంచి లోపలికి వచ్చే మాట. లోపలి మాట బయటికి రావాలి కదా. సంగ్లేచి ముసలమ్మ మనవడికి చెప్పే కథ, పెళ్లిలో పాడే పాట, మంచు పడే ముందు గాలిని చూసి చెప్పే గుర్తు ఎవరు రికార్డు చేయాలి? ఒక భాషలో దొరికేది బోధ ఒక్కటే అయితే, ఆ భాషకు చెవులున్నాయని ఒప్పుకున్నాం గాని నోరుందని ఒప్పుకోలేదు. ఈ తప్పు బోధకులది కాదు. వాళ్లు తమ పని తాము చేశారు. తమ పని చేయనివాళ్లు సాహిత్యకారులు, పత్రికలు, విశ్వవిద్యాలయాలు.

ఆ పని చేసిన మనిషి మనలోనే ఒకరు ఉండేవారు. గిడుగు వెంకట రామమూర్తి పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడు. తెలుగు వచ్చిన ఒక సవర గిరిజనుణ్ణి ఇంట్లో ఉంచుకుని సవర భాష నేర్చుకున్నారు. వాళ్ల పాటలు, కథలు రాసుకున్నారు, వాచకాలు తయారుచేశారు, సొంత ఖర్చుతో బడులు నడిపారు. మద్రాసు ప్రభుత్వం వెయ్యి రూపాయలు ఇవ్వబోతే, ఆ డబ్బుతో సవర బడి పెట్టండన్నారు. 1931లో ఆయన సవర వ్యాకరణం, 1938లో సవర-ఇంగ్లీషు నిఘంటువు వెలువడ్డాయి. ఏటా ఆగస్టు 29న ఆయన పుట్టినరోజును తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటాం. ఆ వేదికల మీద ఒక్క సవర పాట వినిపించదు. ఇది గిడుగుకు మనం చేస్తున్న అన్యాయం.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సవర, కొండ, కువి, కోయ, గోండి, కొలామి, బంజారా, ఆదివాసీ ఒడియా భాషల్లో తెలుగు లిపితో వాచకాలు వచ్చాయి. మంచి అడుగు. వాచకం దాటిన పిల్లల చేతికి ఆ భాషలో కథల పుస్తకం ఏది? ఏ తెలుగు పత్రిక కువి కథను కువిలోనే అచ్చువేసింది?

కొండలదాకా పోనక్కర్లేదు. నక్కపల్లి మండలంలో సముద్రం ఒడ్డున రాజయ్యపేట ఉంది. బల్క్ డ్రగ్ పార్కు వద్దంటూ 2025లో అక్కడి మత్స్యకారులు చేసిన ఆందోళనతో ఆ ఊరి పేరు రాష్ట్రమంతా వినిపించింది. వాళ్ల ఆవేదన వార్త అయింది. వాళ్ల మాట మాత్రం సాహిత్యంలోకి రాలేదు. వాళ్లు మాట్లాడేది తెలుగే. కానీ వలల పేర్లు, గాలుల పేర్లు, చేపల పేర్లు, నీటి రంగును బట్టి చెప్పే లెక్కలు మన నిఘంటువుల్లో ఎన్ని ఉన్నాయి? వేట తగ్గితే ఆ మాటలూ తగ్గుతాయి. బతుకుతెరువు పోయిన చోట భాష నిలవదు.

అందుకే ఈ సంచిక నుంచి రెండు పేజీలు కేటాయిస్తున్నాం. సవర, కువి, కొండ భాషల్లో చెప్పిన కథల్ని తెలుగు లిపిలో మూలంతో, పక్కనే అనువాదంతో వేస్తాం. రాజయ్యపేట వంటి తీరపు ఊళ్ల మాటనూ అచ్చు తెలుగులోకి దిద్దకుండా వేస్తాం. చెప్పినవాళ్ల అనుమతి తీసుకుంటాం, వాళ్ల పేరే రచయిత పేరుగా ఉంటుంది. సీతంపేట, పార్వతీపురం, అరకు, పాడేరు, నక్కపల్లి ప్రాంతాల ఉపాధ్యాయులకు, విద్యార్థులకు మా విన్నపం ఒకటే. సెల్‌ఫోన్ మీ దగ్గరే ఉంది. ఇంట్లో పెద్దవాళ్లను కూర్చోబెట్టి మాట్లాడించండి, రికార్డు చేయండి, మాకు పంపండి. బోధకులు ఓపికగా చేసిన పనిని సాహిత్యం కోసం మనమూ చేయగలం. చేసి తీరాలి.