ఉరకడానికి జాగా ఏది?



వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమన్నప్పుడు మేము కూడా మొదట జ్ఞాపకాలే రాద్దామనుకున్నాం. నీళ్ళ చారు గురించి, ట్రంకు పెట్టెల గురించి, గుడ్డు పెట్టే రోజు కోసం ఎదురుచూడడం గురించి ఇప్పటికే చాలామంది రాశారు, ఇకముందూ రాస్తారు. మేము ఆటస్థలం గురించి రాస్తున్నాం. అన్నం బాగాలేకపోతే అడిగాం, బాత్‌రూం తలుపు ఊడిపోతే అడిగాం, దుప్పట్లు రాకపోతే అడిగాం. ఆడుకోవడానికి జాగా లేదని మాత్రం ఏ ఏడూ ఎవరినీ అడగలేదు.

మేమున్న ఏళ్ళలో హాస్టల్ అద్దె భవనంలో నడిచేది. వాకిట్లో సగం నీళ్ళ ట్యాంకు, మిగతా సగం బట్టలారేసే తీగలు. సాయంత్రం గంటన్నర ‘ఆటల సమయం’ అని గోడ మీది టైంటేబుల్‌లో రాసి ఉండేది. ఆ గంటన్నరా మెట్ల మీద కూర్చుని ఒకరి తల ఒకరం దువ్వుకునేవాళ్ళం. కబడ్డీ గీతలు ఒకసారి సున్నంతో గీశాం. తెల్లారి తడి బట్టలు వాటి మీదే పడి, గీతలన్నీ లంగాలకంటుకున్నాయి.

అప్పుడు దాన్ని నష్టమని అనుకోలేదు. కానిస్టేబుల్ ఉద్యోగాలకు దరఖాస్తు చేసినప్పుడు తెలిసింది. 2022 నోటిఫికేషన్‌లో ఆడపిల్లలు 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకన్లలో ఉరకాలి. దాంతోపాటు లాంగ్ జంప్, షాట్‌పుట్. మా బ్యాచ్‌లో రాత పరీక్షకు భయపడినవాళ్ళు తక్కువ, ఈవెంట్స్‌కు భయపడినవాళ్ళే ఎక్కువ. పదేళ్ళు హాస్టళ్ళలో ఉండి 800 మీటర్లు ఒక్కసారి కూడా ఉరకనివాళ్ళం ఉన్నాం! 800 మీటర్లంటే ఎంత దూరమో తెలియక ఒకామె బస్సు స్టేజీల లెక్కన అడిగింది.

మరి ఎక్కడ ప్రాక్టీసు చేశాం? బీజాపూర్ రోడ్డు మీద. తెల్లవారుజామున చీకట్లో, చున్నీలు నడుముకు కట్టుకుని, తెల్లగీత పక్కన. పోలీస్ అకాడమీ నుంచి మన్నెగూడ దాకా 46 కిలోమీటర్ల ఆ దారిలో 900కు పైగా మర్రిచెట్లున్నాయి. వాటి నీడలో నడిస్తే ఎండాకాలం కూడా ప్రాణం చల్లబడుతుంది. రోడ్డు వెడల్పు చేయడానికి అవి అడ్డమా కాదా అని విషయం హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్ళింది. చెట్ల కోసం కొట్లాడినవాళ్ళకు మేము దండం పెడతాం. అయితే ఆ చెట్ల కిందే కంకర టిప్పర్ల వెలుతురు ముఖం మీద కొడుతుంటే ఉరికినవాళ్ళం కూడా మేమే. 2025 నవంబర్ 3న ఇదే రోడ్డు మీద మీర్జాగూడ దగ్గర కంకర టిప్పర్, ఆర్టీసీ బస్సు ఢీకొని 19 మంది చనిపోయారు. ఆ వార్త విన్నరోజు మా వాట్సాప్ గ్రూపులో చాలాసేపు ఎవ్వరూ ఏమీ రాయలేదు. మేము ఉరికిన రోడ్డు అది.

ఇక్కడొక విచిత్రం చెప్పాలి. మన ప్రాంతం కాగితాల మీద పెద్ద వినోద స్థలం. ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ నీళ్ళను కాపాడడానికి 1996 మార్చి 8న వచ్చిన జీవో 111 మొయినాబాద్, చేవెళ్ళ వైపు ఊళ్ళతో కలిపి 84 గ్రామాలకు వర్తించింది. అందులో 90 శాతం భూమిని వినోదానికి, పరిరక్షణకు ఉంచాలన్నారు. వ్యవసాయం కూడా అందులోకే వస్తుంది. 2022 ఏప్రిల్‌లో జీవో 69తో ఆ ఆంక్షలను సడలించారు. చెరువుల కింది నీళ్ళ సంగతి పెద్దవాళ్ళు మాట్లాడుతున్నారు, మాట్లాడాలి కూడా. మేమడిగేది ఆ ‘వినోదం’ అనే మాట గురించి. ఇన్నేళ్ళలో అది ఎవరికి అందింది?

ఫాంహౌజ్‌ల ప్రహరీల లోపలివాళ్ళకు అందింది. రిసార్టుల్లో ఈతకొలనులున్నాయి, గంటకింతని కిరాయికిచ్చే క్రికెట్ టర్ఫులున్నాయి. శనివారం సాయంత్రమైతే నగరం నుంచి కార్లు వరుస కడతాయి. మా అమ్మలు ఆ లాన్లలో గడ్డి తీసే కూలికి పోతారు. డిగ్రీ చదివినవాళ్ళలో మా ఇళ్ళకు మేమే మొదటివాళ్ళం, ఆ కూలి డబ్బుతోనే చదివాం. పచ్చిక ఎట్లా పెంచాలో, ఏ నెలలో ఏ ఎరువు వేయాలో మా అమ్మలకు తెలిసినంత ఏ పార్కు అధికారికీ తెలియదు. ఆ పచ్చిక మీద వాళ్ళ పిల్లలు అడుగుపెట్టింది లేదు.

చిలుకూరు పక్కన మృగవని ఉంది కదా అని కొందరంటారు. అది 1994లో జాతీయ ఉద్యానవనమైంది. హాస్టల్ నుంచి మమ్మల్ని ఒకసారి తీసుకుపోయారు, చుక్కల దుప్పిని చూసి అరిచి వాచర్‌తో తిట్లు తిన్నాం. తిట్టడం న్యాయమే. అది దుప్పులకు, నెమళ్ళకు ఇల్లు. టికెట్టు పెట్టినా, గేటు వేసినా మాకు ఫిర్యాదు లేదు. అడవిని చూపించి ఇదే మీ ఆటస్థలమంటేనే ఒప్పుకోం.

ఊళ్ళల్లో 2020లో పల్లె ప్రకృతి వనాలు, 2022లో క్రీడా ప్రాంగణాలు వచ్చాయి. ఆలోచన మంచిది. మా ఊళ్ళల్లో మేము చూసినవాటి స్థితి చెబుతాం: బోర్డు నిలబడింది, రెండు ఇనుప కడ్డీలు నిలబడ్డాయి, మిగతాది వయ్యారిభామ. ఉపాధి హామీ కూలీలు నీళ్ళు పోసినన్నాళ్ళు మొక్కలు బతికాయి. కడ్డీలు పాతినరోజు ఫోటో దిగినవాళ్ళలో మళ్ళీ ఒక్కరూ అటు రాలేదు. పార్కు కట్టడానికి డబ్బు ఒకసారి చాలు. ఊడ్వడానికి, నీళ్ళు పెట్టడానికి, లైటు పోతే మార్చడానికి, గేటు తీసి వేసే మనిషికి నెలనెలా జీతమివ్వడానికి రోజూ కావాలి. ఆ రోజువారీ పద్దు గురించి ఎవరూ మాట్లాడరు.

వెంచర్ పార్కుల సంగతి కూడా చెప్పాలి. పోయిన ఏడాది ఒక ఆదివారం మేము నలుగురం, ఇద్దరు చిన్నపిల్లలతో ఒక వెంచర్‌లోని పార్కుకు వెళ్ళాం. ఊరి పేరు, వెంచర్ పేరు రాయడం లేదు. వాచ్‌మన్ తాత “ఏ ఊరు బిడ్డా మీది? హాస్టల్ పిల్లలా? ఇది ప్లాట్లు కొన్నోళ్ళకే” అన్నాడు. పాపం, ఆయన కూడా మావాడే, ఆయన మీద కోపం లేదు. మేము తిరిగి వచ్చేశాం. వచ్చేశాక తెలుసుకున్నది ఏమిటంటే, 2002 నాటి పంచాయతీ లేఅవుట్ నిబంధనల ప్రకారం లేఅవుట్‌లో కనీసం 10 శాతం స్థలం ఖాళీగా వదిలి పంచాయతీకి గిఫ్ట్ డీడ్ రాసివ్వాలి. రాసిచ్చాక అది వెంచర్‌వాళ్ళది కాదు, ప్లాట్లు కొన్నవాళ్ళది కూడా కాదు. ఆటస్థలాలను, ఖాళీ స్థలాలను కాపాడడానికి 1985లోనే చట్టం వచ్చింది. అన్నిటికంటే ముందు రాజ్యాంగం 15వ అధికరణం రెండో భాగం ఉంది. ప్రభుత్వ సొమ్ముతో నడిచేవి గానీ, ప్రజలందరి వాడుకకు వదిలినవి గానీ, బావులైనా చెరువులైనా రోడ్లైనా నలుగురు చేరే చోట్లైనా కులం పేరుతో ఎవరినీ ఆపకూడదని అందులో ఉంది. జనవరి 26న మనం ప్రసంగాల్లో అంబేడ్కర్ పేరు ఎన్నిసార్లు చెప్పామో లెక్కలేదు. ఆ ఒక్క ముక్క తెలిసుంటే ఆ ఆదివారం గేటు దగ్గర ఇంకో రెండు మాటలు మాట్లాడి ఉండేవాళ్ళం.

ఇదంతా ఇప్పుడే ఎందుకంటే, 2025లో చేవెళ్ళ, మొయినాబాద్ రెండూ మున్సిపాలిటీలయ్యాయి. పన్నులు పెరుగుతాయని పెద్దవాళ్ళ బాధ, అది నిజమే. కానీ 2019 పురపాలక చట్టంలో మనకు పనికొచ్చేవి రెండున్నాయి. ఒకటి, బడ్జెట్లో 10 శాతం హరిత బడ్జెట్. రెండోది వార్డు కమిటీలు. వాటిలో యువజనులకు ఒకటి, మహిళలకు ఒకటి. చేవెళ్ళలో, మొయినాబాద్‌లో స్థిరపడిన అక్కలు టీచర్లున్నారు, నర్సులున్నారు, సొంత దుకాణం పెట్టుకున్నవాళ్ళున్నారు. ఆ కమిటీల్లో మన పేర్లు ఎందుకుండకూడదు?

కూర్చుని అడిగితే ఏమి అడగాలి? ఫౌంటెన్ వద్దు, రంగురంగుల జిరాఫీ బొమ్మలు వద్దు. హాస్టళ్ళకు, ఎస్సీ కాలనీలకు నడిచిపోయే దూరంలో చదునైన మట్టి నేల కావాలి. చుట్టూ ఉరికితే 200 మీటర్లు రావాలి, అప్పుడు నాలుగు చుట్లు మన పరీక్ష. పొద్దున ఐదింటికి గేటు తీయాలి. లైట్లుండాలి. ఆడవాళ్ళకు తాళం వేయని టాయిలెట్ ఉండాలి. ఇది లేకనే మా బ్యాచ్‌లో ఇద్దరు ప్రాక్టీసు మానేశారు. కాపలాకు మనిషిని పెట్టేటప్పుడు ఫాంహౌజ్‌లలో పని చేసిన మన అమ్మలనే తీసుకోవాలి, నెల జీతం మీద. మొక్కలు నాటడమొక్కటే హరిత బడ్జెట్ అనుకుంటే ఇవేవీ రావు. నాటిన మొక్కల మధ్య కాస్త ఖాళీ వదలమనాలి.

మన తప్పు కూడా ఉంది. మర్రిచెట్ల మీద పేర్లు చెక్కిందీ, ఊడలకు వేలాడి విరిచిందీ మనమే. పేర్లు మాకు తెలుసు, ఈ సంచికలో రాయం.

మేము ఒక దరఖాస్తు తయారుచేశాం. రెండు మున్సిపాలిటీల్లో ఎన్ని లేఅవుట్లకు అనుమతిచ్చారు, గిఫ్ట్ డీడ్ అయిన పార్కు స్థలాలు ఏ సర్వే నంబర్లలో ఉన్నాయి, ఇప్పుడు వాటిలో ఏముంది అని సమాచార హక్కు చట్టం కింద అడుగుతున్నాం. మీ ఊరి పక్క పాత వెంచర్‌లో పార్కు బోర్డు ఎప్పుడైనా చూసి ఉంటే ఆ చోటు గుర్తు చెప్పండి, అందులో చేరుస్తాం. వార్షికోత్సవం రోజు భోజనాల దగ్గర, నీళ్ళ ట్యాంకు పక్కనే ఉంటాం. సంతకం పెట్టేవాళ్ళు పెన్ను తెచ్చుకోండి, మా దగ్గర ఒక్కటే ఉంది.